ఉండ చుట్టిన చేతికి కూలెంత?

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి వరసగా వచ్చే ఈ రోజుల్లో ఓవెన్ అక్కర్లేని చాక్లెట్ మిఠాయి ఒకటి చేసి చూపించమనీ, దాని గురించి నాలుగు మాటలు చెప్పమనీ నిర్వాహకులు అడిగారు. హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఈ వంట పాఠం ఏమిటని ముందు వరసలో ఒకరిద్దరి ముఖాలు అడుగుతున్నాయి. వాళ్ళ అనుమానం న్యాయమైనదే. డ్వాక్రా సంఘాలు మొదలైన నాటినుంచీ ఆడవాళ్ళకు ఏ శిక్షణ ఇవ్వాలన్నా పచ్చళ్ళు, అప్పడాలు, కుట్లు, అల్లికలే గుర్తొస్తాయి పెద్దలకు. కానీ మనలో చాలామంది ఇప్పటికే ఆ పని చేస్తున్నారు. చేస్తున్న పనికి ఏం వస్తోందో లెక్క చూసుకోవడం కూడా హక్కుల పనే.

ముందు మిఠాయి సంగతి చెబుతాను. దీని పేరు బ్రిగదేరో. పుట్టింది బ్రెజిల్‌లో. అక్కడ పిల్లల పుట్టినరోజు గానీ పండగ గానీ ఇది లేకుండా జరగదు. చేసే తీరు చూస్తే మీకు కొత్తగా ఏమీ అనిపించదు. మన పాలకోవాకు అక్క, సున్నుండకు చెల్లెలు అనుకోండి.

నాలుగొందల గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి, ముప్పై గ్రాముల కోకో పొడి, ఒక పెద్ద చెంచాడు వెన్న, పైన దొర్లించడానికి చాక్లెట్ సేమ్యా పలుకులు. ఇంతే సరుకు. పంచదార వెయ్యక్కర్లేదు, డబ్బా పాలలో ఉన్నదే ఎక్కువ. అడుగు మందంగా ఉన్న గిన్నెలో పాలు పోసి, కోకో పొడి జల్లించి వేసి, ఉండలు లేకుండా కలిపిన తరువాతే పొయ్యి వెలిగించాలి. వేడి పాలలో కోకో వేస్తే గడ్డలు కట్టి మళ్ళీ విడిపోవు. వెన్న వేసి, సన్నటి సెగ మీద పెట్టి, గరిట ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. ఫోను మోగినా, వీధి తలుపు కొట్టినా పొయ్యి ఆర్పి వెళ్ళాలే తప్ప గరిట వదలకూడదు. పది పన్నెండు నిమిషాలకు ముద్ద దగ్గరపడుతుంది. గరిటతో మధ్యలో గీత గీస్తే గిన్నె అడుగు కనబడి, ఆ గీత నెమ్మదిగా మూసుకోవాలి. గిన్నె వంచితే ముద్దంతా ఒక్కటిగా జారాలి. అప్పుడు దించి వెన్న రాసిన పళ్ళెంలో పోసి చల్లార్చాలి. ముందుగా దించితే ఉండ నిలవదు, ఆలస్యం చేస్తే చల్లారాక పళ్ళకు అతుక్కునే జీడిపాకం అవుతుంది. మన కోస్తా ఉక్కపోతలో మామూలు కన్నా ఒక నిమిషం ఎక్కువ ఉంచడం మంచిది.

చల్లారడానికి గంట పైనే పడుతుంది. తరువాత చేతులకు కాస్త వెన్న రాసుకుని, చిన్న ఉసిరికాయంత ఉండలు చుట్టి, చాక్లెట్ పలుకుల్లో దొర్లించి, కాగితపు గిన్నెల్లో పెట్టాలి. ఒక డబ్బాకు పాతిక ఉండలు వస్తాయి. బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో వారం రోజులు ఉంటాయి.

కోకో పొడి కొనేటప్పుడు పాకెట్ వెనక వైపు చదవండి. అమ్మేది చాక్లెట్ పేరుతోనే అయినా అందులో కోకో వెన్నకు బదులు వేరే నూనెలు గడ్డకట్టించి కలిపింది కాంపౌండ్ అంటారు. అది చౌక, కరిగించడం తేలిక. బ్రిగదేరోకు అది అక్కర్లేదు, ఉత్త కోకో పొడి చాలు. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు రెండు శాతానికి మించకూడదన్న నిబంధన ఉంది. పండగ రోజుల్లో పేరూ ఊరూ లేకుండా విడిగా అమ్మే చాక్లెట్ దిమ్మలకు ఈ నిబంధన సంగతి ఎవరు చూస్తున్నారో మీకు తెలుసు.

ఇప్పుడు ఈ మిఠాయి పుట్టుక. బ్రిగదేరో అంటే సైన్యంలో బ్రిగేడియర్. తినే వస్తువుకు ఈ పేరేమిటి? బ్రెజిల్‌లో గెతూలియో వర్గాస్ ప్రభుత్వం 1932లో ఆడవాళ్ళకు ఓటు హక్కు ఇచ్చింది. అది ఊరికే రాలేదు, బెర్తా లుట్స్ వంటి వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చింది. ఇచ్చిన అయిదేళ్ళకే, 1937లో, అదే వర్గాస్ నియంతగా మారి ఎన్నికలే లేకుండా చేశాడు. 1945లో ఆ నియంతృత్వం కూలింది. డిసెంబరు 2న దేశాధ్యక్ష ఎన్నిక. బ్రెజిల్ ఆడవాళ్ళు దేశాధ్యక్షుడిని ఎన్నుకోవడానికి ఓటు వేసింది అదే మొదటిసారి. వైమానిక దళంలో బ్రిగేడియర్‌గా ఉన్న ఎదువార్దో గోమెస్ ఒక అభ్యర్థి. పెళ్ళి కానివాడు, చూడ చక్కనివాడు. ఈ రెండు అర్హతలనూ ప్రచారంలో బాగానే వాడుకున్నారు. ఆయన తరఫున పనిచేసిన ఆడవాళ్ళు ప్రచార సభల్లో, చందాల విందుల్లో ఈ ఉండలు చేసి పంచారనీ, అమ్మి డబ్బు పోగు చేశారనీ, అలా బ్రిగేడియర్ గారి మిఠాయి కాస్తా బ్రిగదేరో అయిందనీ చెబుతారు. గోమెస్ ఓడిపోయాడు, యూరికో గాస్పర్ దుత్రా గెలిచాడు. మిఠాయి మాత్రం నిలిచింది.

మొదటిసారి ఓటు చేతికొచ్చిన ఆడవాళ్ళు రాజకీయాల్లోకి వంటింటి దారినే వచ్చారని కొందరు చప్పరించేస్తారు. నాకు అందులో చిన్నతనం కనిపించదు. డబ్బు లేనివాళ్ళు తమ చేతిలో ఉన్న పనితోనే చందా ఇస్తారు. మన సారా వ్యతిరేక ఉద్యమంలో ఇంటింటికీ తిరిగి పిడికెడు బియ్యం పోగు చేసిన ఊళ్ళు మీలో కొందరికి గుర్తుండాలి. నా సందేహం వేరే చోట ఉంది. ఆ విందులు జరిగిన పెద్ద ఇళ్ళలో గరిట తిప్పింది ఎవరు? గిన్నెలు తోమింది ఎవరు? బ్రెజిల్‌లో చదువు రానివాళ్ళకు 1985 దాకా ఓటు లేదు. ఇళ్ళలో పనిచేసే నల్లజాతి ఆడవాళ్ళలో చదువు నేర్పించుకున్నవాళ్ళు తక్కువ. అంటే ఆడవాళ్ళందరికీ ఓటు వచ్చిందన్న ఆ ఎన్నికలో, ఆ మిఠాయి వండిన చేతులు చాలావాటికి ఓటు లేదు.

ఓటుతో ఆగలేదు. 1943లో బ్రెజిల్ కార్మిక చట్టాలన్నిటినీ ఒక్క చోట చేర్చినప్పుడు ఇంటిపని వాళ్ళను అందులోంచి మినహాయించారు. అంతకు ఏడేళ్ళ ముందే, 1936లో, లౌదెలీనా దె కాంపోస్ మెలో అనే నల్లజాతి ఇంటిపని కార్మికురాలు సాంతోస్ నగరంలో ఇంటిపని వాళ్ళ మొదటి సంఘం పెట్టింది. నియంతృత్వం దాన్ని మూయించింది. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. మిగతా కార్మికులతో సమానంగా పనిగంటలకు హద్దు, అదనపు గంటలకు అదనపు కూలి ఇంటిపని వాళ్ళకు కూడా వర్తించేలా రాజ్యాంగ సవరణ వచ్చింది 2013లో. లెక్క వేసుకోండి, డెబ్భై ఏడేళ్ళు. ఆమె దాన్ని చూడకుండానే పోయింది.

ఇక మన ఊరి లెక్కకు వద్దాం. పలకలూ పుస్తకాలూ తీయండి.

మా పక్క ఊరి పేటలో ఏడుగురు ఆడవాళ్ళు రెండేళ్ళుగా పట్నంలోని ఒక మిఠాయి కొట్టుకు ఈ ఉండలు చుట్టి ఇస్తున్నారు. కొట్టు పేరు ఇక్కడ అనవసరం, అలాంటివి ప్రతి పట్నంలో ఉన్నాయి. సరుకు కొట్టు ఇస్తుంది. గ్యాసు, గిన్నెలు, చోటు, చేతులు ఆడవాళ్ళవి. ఉండకు అర్ధ రూపాయి. క్రిస్మస్ ముందు పదిహేను రోజులు రాత్రి పదకొండింటి దాకా చుడతారు. కొట్టులో పన్నెండు ఉండల పెట్టె రెండు వందల ఇరవై రూపాయలు.

ఒక రోజంతా నేను వాళ్ళ దగ్గర గడియారం పెట్టుకు కూర్చున్నాను. రెండు డబ్బాలు కలిపి వండితే యాభై ఉండలు. గరిట తిప్పడానికి పాతిక నిమిషాలు, చుట్టి దొర్లించడానికి యాభై, కాగితపు గిన్నెల్లో పెట్టి సర్దడానికి ఇరవై, తోమి తుడవడానికి పదిహేను. మొత్తం నూట పది నిమిషాలు. చల్లారే గంటను నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆ గంటలో ఆమె అన్నం వార్చింది, పిల్లకు జడ వేసింది, అత్తగారికి మందులిచ్చింది. నూట పది నిమిషాలకు వచ్చింది పాతిక రూపాయలు. అంటే గంటకు పద్నాలుగు రూపాయలు కూడా లేదు.

2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పని కూలి రోజుకు 307 రూపాయలు. అది గొప్ప కూలి అని నేను అనడం లేదు. ఎనిమిది గంటలకు పంచితే గంటకు ముప్పై ఎనిమిది రూపాయల పైచిలుకు. ఆ లెక్కన నూట పది నిమిషాలకు డెబ్భై రూపాయలు. యాభై ఉండలకు డెబ్భై అంటే ఉండకు రూపాయి నలభై పైసలు. గ్యాసుకూ సబ్బుకూ పది పైసలు వేసుకుంటే రూపాయిన్నర. మట్టి తవ్వే కూలితో సమానంగా రావాలంటేనే ఇప్పుడిస్తున్న దానికి మూడింతలు ఇవ్వాలి. ఈ అంకె పలక మీద రాసినప్పుడు ఆ ఏడుగురిలో పెద్దావిడ, "అమ్మా, ఇన్నాళ్ళూ పండక్కి ఏదో చేతి ఖర్చు అనుకున్నాం" అంది. చేతి ఖర్చు అన్న మాట మీద ఒక రోజు తరగతి పెట్టుకోవచ్చు మనం. ఆడది సంపాదిస్తే చేతి ఖర్చు, మగవాడు సంపాదిస్తే ఇంటి ఖర్చు.

ఇంకో సంగతి. చుట్టిన వాటిలో ఆకారం బాగా లేదని కొట్టువాళ్ళు పదో పన్నెండో తీసి పక్కన పెడతారు. వాటికి డబ్బు ఇవ్వరు, ఉండలు మాత్రం వెనక్కి ఇవ్వరు. నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ నవ్వుతున్నారు. బీడీలు చుట్టే ఇళ్ళలో ఈ పద్ధతి తరాలుగా తెలుసు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, చెత్త బీడీలని కొన్ని ఏరిపారెయ్యడం, ఏరిన బీడీ కూడా కంపెనీదే కావడం. అయితే బీడీ కార్మికులు పోట్లాడి సాధించింది కూడా ఉంది. 1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టే ఆడమనిషిని కూడా కార్మికురాలిగానే గుర్తించింది. కాబట్టి "మీరు మీ ఇంట్లో చేసుకుంటున్నారు, మా దగ్గర పనిచేయడం లేదు కదా" అని కొట్టు యజమాని అంటే, ఆ మాటకు జవాబు మన దేశ చట్టంలోనే అరవై ఏళ్ళ క్రితం వచ్చేసింది.

ఇప్పుడు ఆ చట్టం కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. నాలుగు కోడ్‌లూ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వాటి మీద కార్మిక సంఘాలకు ఉన్న అభ్యంతరాలు నాకూ ఉన్నాయి, అవి వేరే రోజు మాట్లాడుకుందాం. మనకు పనికొచ్చే ముక్కలు రెండు పట్టుకోండి. సామాజిక భద్రత కోడ్‌లో గృహాధారిత కార్మికురాలికి నిర్వచనం ఉంది. యజమాని కోసం, కూలికి, తన ఇంట్లో గానీ తను ఎంచుకున్న చోట గానీ వస్తువు తయారు చేసే మనిషి. మన ఏడుగురూ అచ్చంగా వీళ్ళే. వేతనాల కోడ్‌లో గంటల పనికే కాక పీసు రేటు పనికి కూడా కనీస రేటు నిర్ణయించే వీలుంది. వీలుండటం వేరు, నిర్ణయించడం వేరు. అడగందే ఎవరూ నిర్ణయించరు. గృహాధారిత పని మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. దాని వెనక అహ్మదాబాద్ సేవా సంస్థ, ఇలా భట్ చేసిన కృషి చాలా ఉంది. మన దేశం ఇంతవరకూ దాన్ని ఆమోదించలేదు.

కొట్టుకు ఇవ్వకుండా సొంతంగా అమ్ముకుంటే చట్టం దృష్టిలో మీరు స్వయం ఉపాధి పొందేవారు, లెక్క మారుతుంది. మా ఊరి కిరాణా ధరలతో చెబుతాను, మీ ఊరివి మీరు వేసుకోండి. డబ్బా పాలు 140, కోకో 35, వెన్న 12, పలుకులు 50. మొత్తం 237. పాతిక ఉండలకు పంచితే ఉండకు తొమ్మిదిన్నర. పన్నెండు ఉండల పెట్టెకు సరుకు 114, అట్టపెట్టె, కాగితాలు 12. మనవాళ్ళు ఇక్కడ ఆగిపోయి, 126 అయింది, 140కి అమ్మితే 14 లాభం అనుకుంటారు. కూలి 17, గ్యాసు ఒక రూపాయి కలపండి. 144 అయింది. 140కి అమ్మిన ఆవిడ లాభం మాట అటుంచి, తన కూలిలోనే నాలుగు రూపాయలు కొనేవాళ్ళకు దానం చేసింది. నలిగినవీ పాడైనవీ, బస్సు చార్జీలూ చూసుకుంటే 180కి తక్కువ అమ్మకూడదు. "మనవాళ్ళే కదా, ఎలా అడుగుతాం" అనేవాళ్ళు, ఆ మనవాళ్ళు బట్టల కొట్లో ఎంత అడిగితే అంత ఇచ్చి వస్తున్నారని గుర్తుంచుకోండి.

ఇంట్లో చేసి అమ్మేవాళ్ళకు కూడా 2006 ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. ఇస్తే పద్నాలుగు అంకెల నంబరు వస్తుంది. పెట్టె మీద ఆ నంబరు, సరుకుల పేర్లు, బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలో, శాకాహారమని చెప్పే ఆకుపచ్చ గుర్తు ఉండాలి. పాలు పడనివాళ్ళుంటారు, పాలు ఉన్నాయని రాయాలి. దరఖాస్తు మీ పేరుతో పెట్టండి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను చూసిన ఇళ్ళలో చాలాచోట్ల వండేది భార్య, రిజిస్ట్రేషన్ భర్త పేరు, ఫోనుతో స్కాన్ చేసి డబ్బు కట్టే బొమ్మ కూడా భర్త ఖాతాది. డబ్బు వచ్చినట్టు ఆవిడకు ఆ ఫోను మోత వల్ల తెలుస్తుంది, అంతే.

సరుకుల జాబితాలో ముప్పై గ్రాముల కోకో దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఇక్కడున్న గోదావరి జిల్లాల వాళ్ళకు ఆ కాయలు తెలుసు. దేశంలో కోకో పంటలో ఆంధ్రప్రదేశ్‌దే ముందు స్థానం, ఏలూరు, కోనసీమ, రెండు గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా వేస్తారు. కాయలు కొట్టి, జిగురు గుజ్జుతో ఉన్న గింజలు తీసేది ఆడవాళ్ళు. ఆ గింజలను గంపల్లోనో పెట్టెల్లోనో వేసి అరిటాకులు కప్పి, మధ్యలో తిరగేస్తూ, దాదాపు వారం మగ్గబెడతారు. తరువాత ఎండబెడతారు. చాక్లెట్ వాసన అనేది ఈ మగ్గబెట్టడంలోనే మొదలవుతుంది. సరిగా మగ్గని గింజకు ఎంత పంచదార కలిపినా ఆ రుచి రాదు. 2024లో ప్రపంచ మార్కెట్లో కోకో టన్ను పదివేల డాలర్లు దాటింది. మన దగ్గర ఎండు గింజలు కిలో వెయ్యి రూపాయల దాకా వెళ్ళాయి. తరువాత ధర పడిపోతే 2025లో రైతులు ఆందోళన చేశారు, చెయ్యాల్సిందే. ధర వెయ్యికి చేరిన ఏడాది కాయలు కొట్టే ఆడవాళ్ళ కూలి పెరిగిందా అని నేను తోట తోటకూ తిరిగి అడిగాను. పెరిగిందన్న మనిషి ఒక్కరు దొరకలేదు.

ప్రపంచంలో సగానికి పైగా కోకో వచ్చే కోత్ దివ్వార్, ఘనా దేశాల్లో దాదాపు 15 లక్షల 60 వేల మంది పిల్లలు కోకో పనుల్లో బాలకార్మికులుగా ఉన్నారని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన సంస్థ 2020లో లెక్క తేల్చింది. పెద్ద చాక్లెట్ కంపెనీలు ఈ పరిస్థితిని మారుస్తామని 2001లోనే సంతకాలు చేసి ఉన్నాయి.

2024లో ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే చూస్తే, ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వాటికి ఖర్చు చేస్తున్నారు. ఇది మామూలు రోజుల లెక్క. పండగ రోజుల్లో ఈ ఉండల పని ఆ 289 నిమిషాల పైన పడుతోంది. ఇంట్లో మగపిల్లల్ని పిలిచి ఉండలు చుట్టమనండి. పన్నెండేళ్ళ పిల్లవాడికి ఈ పని రాకపోవడానికి కారణం ఏమీ లేదు. గిన్నె నాకడానికి వాడే కదా ముందు వచ్చేది.

చివరగా ఆ ఏడుగురి విషయం. వాళ్ళు ఒక పుస్తకం పెట్టారు. ఏ రోజు ఎన్ని డబ్బాలు వచ్చాయి, ఎన్ని ఉండలు వెళ్ళాయి, ఎన్ని తీసేశారు, ఎంత ముట్టింది, అన్నీ రాస్తున్నారు, కొట్టు కుర్రాడి చేత సంతకం పెట్టిస్తున్నారు. వచ్చే సోమవారం ఏడుగురూ కలిసి కొట్టుకు వెళ్తున్నారు. ఉండకు రూపాయిన్నర, తీసేసిన ఉండలు వెనక్కి, డబ్బు వారం వారం ఎవరిది వారి ఖాతాలో. యజమాని ఏమంటాడో వాళ్ళకు ఇప్పుడే తెలుసు. "మీరు కాకపోతే అవతలి వీధి వాళ్ళు" అంటాడు. అవతలి వీధిలో ఈ పని చేసేవాళ్ళు తొమ్మిది మంది. నలుగురు రూపాయిన్నరకు తక్కువైతే ముట్టుకోమని మాట ఇచ్చారు. మిగిలిన అయిదుగురి ఇళ్ళకు ఇవాళ సాయంత్రం వెళ్తున్నాం. ఇక్కడి నుంచి మాతో వచ్చేవాళ్ళుంటే పేర్లు ఇవ్వండి, నాలుగున్నర బస్సు పట్టుకోవాలి. ఈలోగా గిన్నె కడిగి పెట్టారు, ఇద్దరు ముందుకు రండి, ఒకరు గరిట పట్టండి, ఒకరు గడియారం పట్టుకోండి.